ఊదకుండానే పలికే వెదురు: బస్తర్ వాద్యాల వెనుక ఉన్న చేతిపని

ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ జిల్లాలో గఢ్‌బెంగాల్ అనే చిన్న గ్రామం ఉంది. ఆ గ్రామానికి చెందిన మురియా గోండు కళాకారుడు పండీరాం మండావికి కేంద్ర ప్రభుత్వం 2025లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. చెక్కపై శిల్పాలు చెక్కడంతోపాటు సంప్రదాయ వాద్యాలను చేతితో తయారుచేయడంలో ఆయనది ఐదు దశాబ్దాలకు పైబడిన సాధన. ఆయనకు అత్యధిక గుర్తింపు తెచ్చిన వాద్యం ‘సులూర్’. ఇది ఒక వెదురు వేణువు. దీనిని ఊదనవసరం లేదు. చేతితో పట్టుకుని గాలిలో తిప్పితే పలుకుతుంది.

వాద్య నిర్మాణం అనగానే ఐరోపాలోని కార్ఖానాలు, అక్కడ నెలల తరబడి రూపుదిద్దుకునే గ్రాండ్ పియానోలు గుర్తుకు రావడం సహజం. అయితే ముడి పదార్థాన్ని ఎంచుకోవడం, ఆరబెట్టడం, తొలచడం, చెవితో సరిచూడటం అనే నాలుగు దశలు బస్తర్ అడవుల్లో తయారయ్యే వాద్యాలకూ వర్తిస్తాయి. తేడా ఒక్కటే. అక్కడ కొలతల పట్టీలు, నమూనా చిత్రాలు ఉంటాయి. ఇక్కడ ఆ జ్ఞానమంతా తయారీదారు చేతుల్లో, చెవుల్లో ఉంటుంది. అందుకే ఒక తరం నేర్చుకోకుండా వదిలేస్తే ఆ వాద్యాన్ని తిరిగి రాబట్టడం కష్టం. బస్తర్ వాద్యాలు ఎలా తయారవుతాయి, ఆ విద్య నేడు ఎలాంటి స్థితిలో ఉంది అనే విషయాలను ఈ కథనం వివరిస్తుంది.

సులూర్: నోటి పనిని చేయి చేసే వేణువు

మామూలు వేణువులో వాదకుడు పెదవులతో గాలిని సన్నని ధారగా మార్చి రంధ్రం అంచుకు తగిలిస్తాడు. ఆ అంచు వద్ద గాలి చీలి అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగిసలాట గొట్టంలోని గాలిస్తంభాన్ని కంపింపజేస్తుంది. సులూర్‌లో ఈ క్రమం తలకిందులవుతుంది. గాలి వచ్చి అంచును తాకడానికి బదులు, అంచే వెళ్లి గాలిని తాకుతుంది. వెదురును గుండ్రంగా తిప్పినప్పుడు, అందులో చేసిన రంధ్రాల అంచులపై గాలి చీలి స్వరం పుడుతుంది. వేగంగా తిప్పితే ధ్వని పెరుగుతుంది. నెమ్మదిస్తే తగ్గిపోతుంది.

ఒక గొట్టం ఏ స్థాయిలో పలుకుతుందన్నది ప్రధానంగా దాని పొడవుపై ఆధారపడి ఉంటుంది. రెండు చివరలూ తెరిచి ఉన్న 60 సెంటీమీటర్ల గొట్టంలో మూలస్వరం సెకనుకు సుమారు 290 కంపనాలు. అదే గొట్టానికి ఒక చివర మూసివేస్తే కంపనాలు దాదాపు సగానికి, అంటే 145కు తగ్గుతాయి. పొడవు సగమైతే కంపనాలు రెట్టింపవుతాయి. ఈ సూత్రం అన్ని వేణువులకూ ఒక్కటే. అయితే ఏ రెండు వెదురు బొంగులూ ఒకేలా ఉండవు. లోపలి బోలు ఒకచోట వెడల్పుగా, మరోచోట ఇరుకుగా ఉంటుంది. గోడ మందం మారుతుంది. కణుపు ఉన్నచోట దారి మూసుకుపోతుంది. కాబట్టి సూత్రం తెలిసినంత మాత్రాన వేణువు తయారు కాదు. ప్రతి బొంగునూ విడిగా పరిశీలించాలి, విడిగా తొలచాలి, విడిగా విని చూడాలి.

పని అడవిలోనే మొదలవుతుంది. లేత వెదురు ఆరే కొద్దీ ముడుచుకుంటుంది, పగులుతుంది. మరీ ముదిరినది తొలవడానికి లొంగదు. కోసే కాలం కూడా ముఖ్యమే. వెదురులో పిండి పదార్థం ఎక్కువగా ఉన్న సమయంలో కోస్తే పురుగు తొందరగా పడుతుంది. వానలు వెనుకబట్టాక, చలికాలంలో కోసినది ఎక్కువ కాలం నిలుస్తుంది. కోసిన బొంగును ఎండలో ఒక్కసారిగా కాక నీడలో నిదానంగా ఆరనివ్వాలి. తర్వాత పై పొరను కత్తితో గీకి, రంధ్రాలు పెట్టి, తిప్పి చూసి సరిచేస్తారు.

చివరిది అలంకరణ. నిప్పుల్లో కాల్చిన ఇనుప కత్తి మొనను వెదురు ఉపరితలంపై నొక్కుతూ గీతలు, త్రిభుజాలు, చేపలు, జంతువుల బొమ్మలు వేస్తారు. లేత పసుపు రంగు వెదురుపై అవి ముదురు గోధుమ రంగులో నిలిచిపోతాయి. ఇందులో చెరిపివేతకు అవకాశం లేదు. కత్తి చల్లబడితే గీత తేలిపోతుంది. ఎక్కువసేపు ఆగితే వెదురు మాడిపోతుంది.

పశువులను తోలుకుని వెళ్లేవారికి, చీకటిపడ్డాక అడవి దారిలో నడిచేవారికి ఈ వేణువు తోడు అని మురియాలు చెబుతారు. దాని ధ్వని విని వన్యమృగాలు తప్పుకుంటాయన్నది వారి అనుభవం. చేతిలో కర్రలాగా ఉంటూనే పాటగా మారడం దీని ప్రత్యేకత.

గఢ్‌బెంగాల్ పేరు ప్రపంచానికి తెలియడం ఇది మొదటిసారి కాదు. స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ 1957లో విడుదల చేసిన చిత్రంలో పులితో ఆడుకునే బాలుడిగా కనిపించిన చెంద్రు మండావి ఈ గ్రామస్థుడే. 2013లో ఆయన కన్నుమూశారు. పండిట్ రవిశంకర్ సంగీతం సమకూర్చిన ఆ చిత్రం ఆంగ్లంలో ‘వేణువు, బాణం’ అనే అర్థం వచ్చే పేరుతో విడుదల కావడం గమనార్హం.

ఆకుం: మైనం కరిగిన చోట ఇత్తడి

మురియాలు ఊదే ఇత్తడి కొమ్మును ‘ఆకుం’ అంటారు. దీనిని, నాట్యంలో కాళ్లకు, నడుముకు కట్టుకునే గజ్జెలు, గంటలను పోతపోసేది ఘడవా వంటి లోహకార కుటుంబాలు. వీరు అనుసరించే పద్ధతే డోక్రా పేరుతో దేశవ్యాప్తంగా ప్రసిద్ధి పొందిన మైనపు పోత. కొండగావ్ పట్టణం, దాని పరిసర గ్రామాలు దీనికి కేంద్రాలు. కొండగావ్‌కు చెందిన దివంగత జయదేవ్ బఘేల్ ఈ కళకు అంతర్జాతీయ స్థాయిలో పేరు తెచ్చారు.

ఊదే వాద్యానికి లోపల బోలు ఉండాలి. ఆ బోలు ఎంత ఉండాలో ముందుగా మట్టితో చేస్తారు. బంకమన్ను, వరి ఊక కలిపి పిసికి, కావలసిన వంపులో గుండును తీర్చి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం కలిపి కాచి వడకట్టి, మెత్తబడిన ముద్దను సన్నని తీగలుగా తీస్తారు. ఆ తీగలను మట్టి గుండుపై పక్కపక్కనే చుట్టుకుంటూ పోతారు. డోక్రా వస్తువులపై కనిపించే దారం చుట్టినట్టుండే గీతలు ఈ మైనపు తీగల ముద్రలే. మైనం ఎంత మందంగా ఉంటే తర్వాత ఇత్తడి గోడ అంత మందంగా వస్తుంది. కొమ్ము పలుకు, బరువు రెండూ ఇక్కడే నిర్ణయమవుతాయి.

మైనం పొరపై మొదట జల్లించిన మెత్తని మట్టిని పలుచగా పూస్తారు. మైనంపై ఉన్న ప్రతి గీతను ఈ పొర పట్టుకుంటుంది. దానిపై ఊక కలిపిన గట్టి మట్టి వేసి, మైనం బయటకు పోయేందుకు, లోహం లోపలికి వచ్చేందుకు దారి విడిచిపెడతారు. కొలిమిలో కాల్చినప్పుడు మైనం కరిగిపోయి ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలోకి కరిగిన ఇత్తడి చేరుతుంది. ఇత్తడి కరగాలంటే 900 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి కావాలి. మైనం కంటే ఇత్తడి దాదాపు తొమ్మిది రెట్లు బరువు కాబట్టి, వాడిన మైనాన్ని తూచి, దానికి అన్ని రెట్ల లోహం సిద్ధం చేసుకోవచ్చు. లోహం చాలకపోతే వస్తువుకు చిల్లు పడుతుంది.

చల్లబడిన తర్వాత పై మట్టిని పగలగొట్టాలి. అచ్చు పగిలితే గాని వస్తువు బయటపడదు. కనుక ఒక అచ్చుకు ఒకే వస్తువు. రెండో కొమ్ము కావాలంటే మళ్లీ మట్టి పిసకడం నుంచి మొదలుపెట్టాలి. మొహెంజొదారోలో లభించిన పది సెంటీమీటర్ల పైచిలుకు ఎత్తున్న కంచు నర్తకి ప్రతిమ కూడా ఈ మైనపు పోత పద్ధతిలో తయారైనదే. ఆ పద్ధతి భారత ఉపఖండంలో నాలుగు వేల ఏళ్లకు పైగా కొనసాగుతున్నదని దీనివల్ల తెలుస్తోంది.

డోలు: తోలుకు, కలపకు కుదిరే ఒప్పందం

బస్తర్ నాట్యానికి ఆధారం డోలు. మారియా, మురియా తెగలవారు వాడే చర్మవాద్యాలు అనేకం. దండామి మారియాల పెళ్లి నాట్యంలో పురుషులు అడవిదున్న కొమ్ముల తలపాగా ధరించి, పొడవాటి డోళ్లను మెడకు తగిలించుకుని వాయిస్తారు. స్త్రీలు ఇనుప మువ్వలు కూర్చిన కర్రలను నేలకు తాటిస్తూ లయ కలుపుతారు. మురియాల మాందరి నాట్యానికి ఆ పేరు రెండు ముఖాల మాందరి డోలు నుంచి వచ్చింది.

చెక్క డోలు తయారీ అంటే ఒక దుంగలోపలి కలపను తీసివేయడం. వినడానికి తేలికగా ఉన్నా ఇది ఓపిక పరీక్షించే పని. బయటి నుంచి గుండ్రంగా చెక్కిన దుంగను రెండు చివరల నుంచి ఉలులతో తొలుచుకుంటూ పోవాలి. గోడ మందం అన్నిచోట్లా దాదాపు సమానంగా ఉండాలి. మందంగా మిగిలితే వాదకుడు రాత్రంతా మెడకు వేసుకుని ఆడలేడు. పలుచబడితే ఆరేటప్పుడు పగులు వస్తుంది. గుమ్మడి టేకు వంటి తేలికైన, తక్కువగా ముడుచుకునే కలపను దేశంలో అనేకచోట్ల డోళ్లకు ఇష్టపడటానికి కారణమిదే. మట్టితో చేసి కాల్చిన డోలు పీపాలు కూడా ఛత్తీస్‌గఢ్‌లో వాడుకలో ఉన్నాయి.

తర్వాత తోలు. పచ్చి తోలును నానబెట్టి, వెంట్రుకలు తీసి, తడిగా ఉండగానే ముఖానికి సాగదీసి తోలు వార్లతో బిగిస్తారు. ఆరే కొద్దీ అది మరింత బిగుసుకుంటుంది. బిగువు పెరిగితే స్థాయి పెరుగుతుంది. గాలిలో తేమ పెరిగితే తోలు సడలి ధ్వని మొద్దుబారుతుంది. అందుకే ఆటకు ముందు డోళ్లను మంట పక్కన కాచి వేడెక్కించడం ఇక్కడి ఊళ్లలో సాధారణ దృశ్యం. శ్రుతి చేయడమంటే ఇక్కడ నిప్పుకు ఎంత దూరంలో, ఎంతసేపు ఉంచాలో తెలియడం.

ధన్‌కుల్: కుండ, చేట, విల్లు

పైవన్నీ ఒక ఎత్తు కాగా, ధన్‌కుల్ మరో ఎత్తు. బస్తర్‌లో హల్బీ భాషలో స్త్రీలు గానం చేసే ‘జగార్’ అనే సుదీర్ఘ కథాగానాలకు ఇది పక్కవాద్యం. నేలపై చుట్టకుదురు పెట్టి దానిపై మట్టికుండ ఉంచుతారు. కుండ మూతిపై చేటను బోర్లిస్తారు. చేటపై ఒక పెద్ద వింటి కొసను ఆనించి, రెండో కొసను నేలకు తాకిస్తారు. వింటి బద్దపై వరుసగా గాట్లు ఉంటాయి. గాయని కుడిచేతిలోని వెదురు పుల్లతో ఆ గాట్లను గీకుతూ, ఎడమచేత్తో వింటినారిని మీటుతుంది. గీకినప్పుడు గరగరమనే లయ, మీటినప్పుడు గంభీరమైన నాదం వస్తాయి. చేట, దాని కింద ఉన్న కుండ ఆ కంపనాలను అందుకుని పెద్దవి చేస్తాయి.

ఈ గాయనిని ‘గురుమాయి’ అని గౌరవంగా పిలుస్తారు. లక్ష్మి జగార్, తీజా జగార్, అష్టమి జగార్, బాలీ జగార్ అనేవి ప్రసిద్ధమైనవి. లక్ష్మి జగార్ వరి పంటనే దేవతగా భావించి చెప్పే కథ. కొండగావ్‌కు చెందిన రచయిత హరిహర్ వైష్ణవ్ దీనిని గాయనుల నోట విని లిఖితరూపంలోకి తెచ్చారు. మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగరీతో కలిసి ఆయన చేసిన కృషి ఫలితంగా ఈ గాథ 2003లో పుస్తకంగా వెలువడింది. వైష్ణవ్ 2021లో మరణించారు.

ధన్‌కుల్‌లో కుండ కుమ్మరి చేసినది, చేట మేదరి అల్లినది. అయినా ఏ కుండ అయినా పనికిరాదు. బాగా కాలిన, పగులు లేని కుండ మాత్రమే స్పష్టంగా పలుకుతుంది. వరిని కథగా చెప్పే గానానికి, వరిని చెరిగే చేట వాద్యంగా మారడంలోని పొందిక శ్రోతలకు వివరించి చెప్పనవసరం లేనిది. తమిళనాడు, కేరళ ప్రాంతాల్లోని విల్లుపాటలో కూడా విల్లు, కుండ జంటగా కనిపిస్తాయి.

పియానోతో పోల్చితే

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో సుమారు 1700లో బార్తలోమియో క్రిస్టోఫోరి తొలి పియానోను రూపొందించారు. నేటి కచేరీ గ్రాండ్ పియానో పొడవు దాదాపు 9 అడుగులు. అందులో 88 మెట్లు, 12 వేలకు పైగా విడిభాగాలు ఉంటాయి. తీగల మొత్తం బిగువు సుమారు 20 టన్నులు. దానిని భరించేందుకు పోత ఇనుప చట్రం కావాలి. పలు పొరల మేపుల్ చెక్కను అతికించి, ఒకేసారి వంచి బయటి చట్రాన్ని చేస్తారు. తీగల కంపనాన్ని గాలికి అందించే పలక స్ప్రూస్ కలపది. ప్రసిద్ధ తయారీదారుల వద్ద ఒక్కో వాద్యం పూర్తి కావడానికి దాదాపు ఏడాది పడుతుంది.

పరిమాణంలో పోలిక లేకపోయినా సూత్రాల్లో పోలిక ఉంది. స్ప్రూస్ పలక చేసే పనిని ధన్‌కుల్‌లో చేట, కుండ చేస్తాయి. పియానో కలపను నిదానంగా ఆరనిచ్చినట్టే వెదురును నీడలో ఆరనిస్తారు. యంత్రాలు ఎన్ని వచ్చినా పియానో చివరి స్వరాన్ని నిర్ణయించేది సుత్తుల ఉన్నిని సూదితో పొడుస్తూ మెత్తబరిచే నిపుణుడి చెవి. సులూర్‌ను తిప్పి చూసే మురియా తయారీదారుది కూడా ఆ పనే.

ఈ రెండు ప్రపంచాలనూ చూసిన సంగీతకారుడు వాల్టర్ కౌఫ్‌మన్. యూదు కుటుంబానికి చెందిన ఆయన 1934లో ఐరోపాను విడిచి బొంబాయి చేరుకున్నారు. ఆకాశవాణి బొంబాయి కేంద్రంలో పనిచేశారు. ఆకాశవాణి ప్రారంభ సంగీతాన్ని కూర్చినది ఆయనేనని విస్తృతంగా చెబుతారు. వయొలిన్ విద్వాంసుడు మెహ్లీ మెహతా తదితరులతో కలిసి పాశ్చాత్య కచేరీలు నిర్వహించిన ఈ స్వరకర్త, బస్తర్‌లోని కొండ మారియా, ఝోరియా, మురియా తెగల వాద్యాలపై రాసిన వ్యాసం 1961లో ఎత్నోమ్యూజికాలజీ పత్రికలో వెలువడింది.

పద్దెనిమిది వాద్యాల లింగో

మురియాల నమ్మకం ప్రకారం సంగీతానికి మూలపురుషుడు లింగో పేన్. గోండీలో పేన్ అంటే దేవుడు. లింగో ఏకకాలంలో పద్దెనిమిది వాద్యాలు వాయించగలిగేవాడని కథలు చెబుతాయి. ఘోటుల్ అనే యువజన గృహాన్ని నెలకొల్పినదీ ఆయనే. పెళ్లికాని యువతీయువకులు సాయంత్రం అక్కడ చేరి పాట, ఆట, పని, నడవడిక నేర్చుకునేవారు. వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన మురియా ఘోటుల్ గ్రంథంలో ఈ వ్యవస్థను, లింగో కథలను, వారి వాద్యాలను విపులంగా నమోదు చేశారు.

వాద్య నిర్మాణానికి ఘోటుల్ ఎందుకు ముఖ్యమంటే, వాద్యం అవసరమయ్యే చోటు అదే. రోజూ వాయించేవారు ఉంటే డోలు చినుగుతుంది. చినిగితే బాగుచేయాలి. బాగుచేయడం చూసిన పిల్లవాడు రేపు కొత్తది చేయగలుగుతాడు. వాయించేవారు తగ్గినప్పుడు మొదట ఆగిపోయేది మరమ్మతు. ఆ తర్వాత తయారీ. చివరికి వాద్యం పేరు మాత్రమే పాటలో మిగులుతుంది. బడులు, వసతి గృహాలు, పట్టణాలకు వలసలు, దశాబ్దాల హింస వల్ల ఘోటుల్ అనేక గ్రామాల్లో బలహీనపడింది. 2005 తర్వాతి ఘర్షణల కాలంలో బస్తర్ నుంచి వేలాదిమంది నేటి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ అటవీ గ్రామాలకు తరలివచ్చారు. ఇక్కడ వారిని గుత్తికోయలుగా పిలుస్తున్నారు. ఇల్లు విడిచినప్పుడు మూటలో తీసుకువెళ్లేవాటిలో పెద్ద డోలు ఉండదు.

అడవి ఎవరిది, దుంగ ఎవరిది

వాద్యం తయారు కావాలంటే ముడి పదార్థం అందుబాటులో ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు, తేనె, మైనం వంటివాటిని చిన్నతరహా అటవీ ఉత్పత్తులుగా పేర్కొని, సంప్రదాయంగా సేకరించేవారికి వాటిపై యాజమాన్య హక్కు కల్పించింది. 2017లో భారత అటవీ చట్టానికి చేసిన సవరణ ‘చెట్టు’ నిర్వచనం నుంచి వెదురును తొలగించింది. దీనివల్ల అటవీయేతర భూముల్లో పెంచిన వెదురును కోయడానికి, తరలించడానికి అనుమతుల భారం తగ్గింది.

వాద్యాల కోణంలో చూస్తే ఈ రెండు చట్టాలూ సులూర్‌కు కావలసిన వెదురుకు, ఆకుం పోతకు కావలసిన మైనానికి వర్తిస్తాయి. డోలుకు కావలసిన దుంగకు వర్తించవు. కలప చిన్నతరహా అటవీ ఉత్పత్తి కాదు. నాట్యానికి అత్యవసరమైన వాద్యానికే ముడి పదార్థం దొరకడం కష్టమవుతుందన్న మాట. తన పొలం గట్టున చెట్టు ఉన్నవాడికి ఒక రకమైన వెసులుబాటు, లేనివాడికి మరో రకమైన ఇబ్బంది.

గుర్తింపు దేనిని కాపాడుతుంది

బస్తర్ డోక్రా, బస్తర్ ఇనుప కళ, బస్తర్ చెక్క కళలకు 2008-09లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1999లో చేసిన చట్టం ప్రకారం ఈ గుర్తింపు పదేళ్లు అమలులో ఉంటుంది. తర్వాత పొడిగించుకోవాలి. వేరే ప్రాంతంలో చేసిన వస్తువును బస్తర్ పేరుతో అమ్మకుండా ఇది అడ్డుకుంటుంది. అంటే అది పేరును కాపాడుతుంది. తయారీదారుకు దక్కే కూలిని గాని, విద్య నేర్చుకునే శిష్యుడిని గాని అది సమకూర్చదు.

మార్కెట్‌తో మరో చిక్కు ఉంది. నగరంలో గోడకు తగిలించేందుకు కొనేవారికి సులూర్ పలకనవసరం లేదు. గీతలు అందంగా ఉంటే చాలు. అలాంటి కొనుగోలుదారు కోసం పనిచేసే కొద్దీ తయారీదారు శ్రద్ధ రంధ్రం నుంచి బొమ్మకు మళ్లే ప్రమాదం ఉంది. బయటకు అదే వేణువు, అదే ధర. లోపల మాత్రం స్వరం ఉండదు. కొనేవారు ఒక్కసారి తిప్పి చూసి, పలికినదాన్నే ఎంచుకుంటే ఈ ప్రమాదం కొంత తగ్గుతుంది. ఇత్తడి కొమ్ముకూ ఇదే వర్తిస్తుంది.

వాద్యాన్ని వాదకుడికి తిరిగి చేర్చే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. నాటకరంగ దిగ్గజం హబీబ్ తన్వీర్ నయా థియేటర్‌లో పనిచేసిన అనూప్ రంజన్ పాండే, అరుదైన గిరిజన వాద్యాలను సేకరించి, వాటిని వాయించే కళాకారులతో ‘బస్తర్ బ్యాండ్’ను ఏర్పాటు చేశారు. ఆయనకు 2019లో పద్మశ్రీ లభించింది. జగదల్‌పూర్‌లో 1972 నుంచి ఉన్న మానవశాస్త్ర ప్రదర్శనశాల బస్తర్ తెగల జీవనానికి చెందిన వస్తువులను భద్రపరుస్తోంది. ప్రదర్శనశాల వాద్యం ఆకారాన్ని కాపాడుతుంది. వేదిక దాని ధ్వనిని కాపాడుతుంది. తయారీ మాత్రం ఊళ్లో కొనసాగితేనే నిలుస్తుంది.

తెలుగు నేలకు దగ్గరి చుట్టరికం

బస్తర్ తెలుగువారికి దూరపు ప్రాంతం కాదు. కాకతీయ సామ్రాజ్యం 1323లో పతనమైన తర్వాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వెళ్లి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడన్నది అక్కడి రాజవంశ సంప్రదాయం. భాషాశాస్త్రజ్ఞులు గోండీని తెలుగు ఉన్న దక్షిణ మధ్య ద్రావిడ శాఖలోనే చేర్చారు.

వాద్యాల్లోనూ ఈ చుట్టరికం వినిపిస్తుంది. ఆదిలాబాద్ గోండుల వేడుకల్లో కిక్రి, పెప్రి, కాలికోం వాద్యాలు ఉన్నాయి. భద్రాచలం ప్రాంత కోయల కొమ్ము నృత్యం దండామి మారియాల నాట్యాన్ని గుర్తుకు తెస్తుంది. ఆదిలాబాద్‌లోని ఓజ కళాకారుల డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య, కంచుమేళం-డోలి గాయకుడు సకిని రామచంద్రయ్య 2022లో పద్మశ్రీ పొందారు. గుస్సాడీ గురువు కనకరాజును 2021లోనే ఆ పురస్కారం వరించింది. వీరిలో రామచంద్రయ్య, కనకరాజు ఇద్దరూ 2024లో నెలల వ్యవధిలో కన్నుమూశారు. జీవితాంతం పోగుచేసుకున్న విద్య శిష్యులకు చేరడానికి ఎంత తక్కువ సమయం ఉంటుందో ఈ రెండు మరణాలు తెలియజేస్తున్నాయి.

పియానో తయారీ ఆగిపోయినా దాని కొలతలు కాగితంపై ఉంటాయి. వందేళ్ల తర్వాత ఎవరైనా వాటిని చూసి మళ్లీ నిర్మించవచ్చు. సులూర్‌కు, ఆకుంకు, ధన్‌కుల్‌కు అలాంటి కాగితం లేదు. ఏ వెదురు పలుకుతుంది, ఏ కుండ మోగుతుంది, డోలును నిప్పుకు ఎంత దూరంలో ఉంచాలి అన్న సంగతులు చేసేవారి పక్కన కూర్చుని నేర్చుకున్నవారికే దక్కుతాయి. పురస్కారం ఒక తయారీదారు పేరును దేశానికి తెలియజేసింది. ఆయన పక్కన కూర్చుని వెదురు తొలవడం నేర్చుకునేవారు ఎంతమంది అన్నదానిపైనే ఈ వాద్యాల భవితవ్యం ఆధారపడి ఉంది.